మాక్‌బెత్‌లో అపరాధ భావం ఎక్కడ మొదలవుతుంది?

నాటక విద్యార్థులకు నమస్కారం.

షేక్‌స్పియర్ నాటకం ‘మాక్‌బెత్’లో రాజును చంపి గద్దెనెక్కే సేనాని మాక్‌బెత్ వేషం కట్టేవాళ్లు చాలామంది పాత్రను రెండు ముక్కలు చేస్తారు: రాజు డంకన్ హత్య దాకా రాజ్యకాంక్ష, ఆ తర్వాత పశ్చాత్తాపం. షేక్‌స్పియర్ అలా రాయలేదు. మొదటి అంకం మూడో రంగంలో, రాజువవుతావన్న మంత్రగత్తెల జోస్యం విన్న కాసేపటికే, డంకన్‌ను చంపాలన్న ఊహకే మాక్‌బెత్‌కి జుట్టు నిక్కబొడుచుకుంటుంది. అప్పటికింకా ఆ జోస్యం గురించి భార్యకు ఉత్తరమైనా అందలేదు.

ఏడో రంగంలోని స్వగతం మరీ ముఖ్యం. రాజు తనకు బంధువు, ఏలిక, పైగా ఇంటికొచ్చిన అతిథి అంటూ చంపకూడని కారణాలన్నీ తానే ఏకరువు పెడతాడు. తనను ముందుకు తోస్తున్నది ఒక్క రాజ్యకాంక్షేనని ఒప్పుకుంటాడు. తప్పని తెలిసీ చేస్తున్నాడు. ఆ రంగంలో గొంతు పెంచితే ఈ తర్కమంతా కొట్టుకుపోతుంది.

హత్య తెర వెనుక జరుగుతుంది. రెండో అంకం రెండో రంగంలో మనకు కనిపించేవి నెత్తుటి చేతులే. నేరం కాపలావాళ్ల మీదికి నెట్టడానికి వాళ్ల దగ్గరే వదిలేయాల్సిన బాకులను అతను వెంట తెచ్చేస్తాడు. ప్రార్థన చివర పలికే ‘ఆమెన్’ అన్న మాట గొంతు దాటి రాలేదని అదే పనిగా చెబుతుంటాడు. అతని భార్య లేడీ మాక్‌బెత్ బాకులను గమనించేది కాసేపటి తర్వాతే. కాబట్టి అవి ప్రేక్షకులకు కనబడాలి, ఆమె కంటపడకూడదు. దర్శకులు తడబడేది ఇక్కడే. తిరిగి వెళ్లడానికి అతను ససేమిరా అంటే, బాకులు పెట్టి రావడానికి ఆమే వెళుతుంది. కాసిని నీళ్లతో అంతా పోతుందంటుంది.

ఇక్కణ్ణుంచి ఇద్దరూ చెరో దారి పడతారు. తోటి సేనాని బాంక్వోను చంపించబోతున్న సంగతి అతను భార్యకు చెప్పడు. నెత్తుట్లో ఇంత దూరం దిగాక వెనక్కి రావడమూ ముందుకు పోవడమంత కష్టమేనంటాడు. తనకు ఎదురుతిరిగిన ప్రభువు మాక్‌డఫ్ భార్యాపిల్లల్ని చంపించడంలో రాజ్యలాభం కూడా లేదు, అక్కడ ఆ కాంక్ష సైతం చచ్చిపోయింది. అయిదో అంకానికి భయం రుచే దాదాపు మరచిపోయానంటాడు.

లేడీ మాక్‌బెత్ విషయంలో నటికి అసలు పరీక్ష వేరే ఉంది. మూడో అంకంలోని విందు తర్వాత అయిదో అంకం మొదటి రంగం దాకా ఆమె రంగస్థలం మీదికే రాదు. అతణ్ణి వదిలిన భయం ఈ మధ్యకాలంలో ఆమెను పట్టుకుంది. ఆ మార్పును మోసుకునే రంగస్థలం మీదికి రావాలి. నిద్రలో నడుస్తూ ఆమె మాట్లాడేది పద్యంలో కాదు, తెగిపోయిన వచనంలో. ఒక్కోసారి పావుగంట సేపు చేతులు కడుగుతూనే ఉంటుందని పరిచారిక వైద్యుడితో అంటుంది. రెండు చేతులూ రుద్దుకోవాలి గనుక ఆమె వెంట తెచ్చే కొవ్వొత్తిని ముందే కింద పెట్టేయండి. మాటకీ మాటకీ మధ్య తొందరపడకండి.