ఉద్యోగం పోయిన 60 రోజులు: శ్రమలో దేవుడు సిద్ధపరచడం అంటే ఇంట్లో ఏం జరగాలి | డల్లాస్ తెలుగు వ్లాగ్

అందరికీ వందనాలండి. డల్లాస్ పక్కన ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో వైపు మన తెలుగు గృహ కూడికల్లో ప్రార్థన మనవులు చెప్పమనగానే "ఉద్యోగం పోయిందండి, జ్ఞాపకం చేసుకోండి" అనే మాట తరచూ వినబడుతోంది. వెంటనే ఎవరో ఒకరు "దేవుడికి మీ విషయంలో ఏదో ప్రణాళిక ఉంది బ్రదర్" అంటారు. మాట నిజమే. కానీ రాత్రి పిల్లల్ని పడుకోబెట్టి, ఆ దంపతులిద్దరూ ఐ-94 మీద, అంటే అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం మీద, తేదీ చూసుకుంటూ కూర్చున్నప్పుడు ఆ ఒక్క మాట చాలదు. ప్రభువు శ్రమల్లో, అంటే కష్టాల్లో, తన బిడ్డల్ని ఒక పనికి సిద్ధపరుస్తాడని నమ్మేవాళ్లం కదా, ఆ నమ్మకం ఇంట్లో ఏయే పనులుగా మారాలో ఈ వీడియోలో చూద్దాం.

ముందు టేబుల్ మీద ఉన్న ఫైలు చూపిస్తాను. హెచ్-1బి మీద, అంటే కంపెనీ తరఫున వచ్చే పని వీసా మీద, ఉన్న ప్రతి ఇంట్లో ఇది ఉద్యోగం ఉన్నప్పుడే సిద్ధంగా ఉండాలి. ఐ-797 అప్రూవల్ నోటీసులు (వీసా పిటిషన్ ఆమోదించినట్టు ఇమిగ్రేషన్ వాళ్లు పంపేవి) పాతవీ కొత్తవీ అన్నీ, తాజా ఐ-94 ప్రింటు, ఆఖరి మూడు నెలల పే స్టబ్‌లు (జీతం చీటీలు), డబ్ల్యు-2లు (ఏడాది జీతం, పన్ను వివరాల కాగితాలు), డిగ్రీ సర్టిఫికెట్లు, మార్కుల జాబితాలు, పాత కంపెనీల ఎక్స్‌పీరియన్స్ లెటర్లు, ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అయ్యుంటే దాని నోటీసు, ఇంట్లో అందరి పాస్‌పోర్టులు. వీటిని ఆఫీసు లాప్‌టాప్‌లో మాత్రమే దాచుకోవద్దండి. లేఆఫ్ మెయిల్ వచ్చిన రోజే లాగిన్ మూసేస్తారు, పే స్టబ్‌లు దానితోపాటే పోతాయి. చాలా ఇళ్లలో మొదటి వారం మొత్తం వీటిని తెప్పించుకోవడానికే ఖర్చయిపోతుంది.

ఇక ఉద్యోగం పోయాక ఈ దేశంలో ఉండగలిగే గడువు లెక్క. ఉద్యోగం ముగిసిన మర్నాటి నుంచి వరుసగా 60 రోజుల వరకు. శనాదివారాలు, పండగలు అన్నీ అందులోనే. ఐ-94 అంతకంటే ముందే ముగిసిపోతుంటే గడువు కూడా అక్కడితో సరి. మామూలుగా జీతం చెల్లించిన ఆఖరి పనిదినాన్ని ఉద్యోగం ముగిసిన రోజుగా తీసుకుంటారు. సెవరెన్స్ డబ్బు, అంటే తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చే పరిహారం, నాలుగు నెలలకు సరిపడా ఇచ్చినా ఈ గడువు ఒక్క రోజు కూడా పెరగదు. మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

కొత్త కంపెనీ వేసే హెచ్-1బి పిటిషన్ ఆ 60 రోజుల్లోపు ఇమిగ్రేషన్ వాళ్లకి చేరాలి. అప్రూవల్ వచ్చేదాకా ఆగక్కర్లేదు, పిటిషన్ సక్రమంగా అందిన దగ్గర్నుంచి కొత్త చోట పని మొదలుపెట్టవచ్చు. అయితే పిటిషన్ కంటే ముందు లేబర్ డిపార్ట్‌మెంటు నుంచి ఎల్‌సీఏ (జీతం, పని పరిస్థితుల ధ్రువీకరణ) రావాలి, దానికి ఏడు పనిదినాలు. లాయరు కాగితాలు అడగడం, మీరు పంపడం, సంతకాలు, కొరియరు కలిపితే ఇంకో వారం. అంటే ఆఫర్ లెటర్ 40వ రోజుకల్లా చేతిలో ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. 55వ రోజున వస్తే ఆ కంపెనీ ఎంత మంచిదైనా చెమటలు పట్టిస్తుంది. కాబట్టి 30వ రోజు దాటుతుండగానే రెండో దారి కూడా సిద్ధం చేసుకోండి. భార్యకో భర్తకో హెచ్-1బి ఉంటే హెచ్-4కి (వాళ్ల మీద ఆధారపడినవాళ్ల వీసా), లేదంటే బి-2కి (సందర్శకుల వీసా) మారడానికి ఐ-539 ఫారం గడువు లోపలే వేయాలి. అది పెండింగ్‌లో ఉన్నంతకాలం పని చేయకూడదు. ఐ-140 అప్రూవ్ అయి ఉంటే, మోసమో తప్పిదమో బయటపడితే తప్ప, కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా మీ ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్ కార్డు వరసలో మీ స్థానం చెప్పే తేదీ, మీకే ఉంటుంది. ఈ సంగతి తెలియక ఏడ్చినవాళ్లున్నారు. దేశం దాటే ముందు మాత్రం లాయర్ని అడగకుండా టికెట్ కొనకండి, నియమాలు మారుతున్నాయి.

ఇన్సూరెన్స్ ఆఖరి పనిదినంతోనే ఆగుతుందో, ఆ నెలాఖరుదాకా ఉంటుందో హెచ్‌ఆర్‌ని రాతపూర్వకంగా అడగండి. ఇరవై మంది లేదా అంతకంటే ఎక్కువమంది ఉన్న కంపెనీ అయితే కోబ్రా అనే చట్టం కింద అదే ప్లాన్ మామూలుగా 18 నెలల వరకు కొనసాగించుకోవచ్చు. ప్రీమియం మొత్తం, దాని మీద 2 శాతం మీరే కట్టాలి. భారమే. కాకపోతే ఎంచుకోవడానికి 60 రోజులు సమయం ఉంటుంది, ఎంచుకుని ప్రీమియం కట్టాక పాత కవరేజీ ఆగిన రోజు నుంచీ వర్తిస్తుంది. మధ్యలో పిల్లాడికి చెయ్యి విరిగినా వెనక తేదీతో కవరవుతుంది.

వాక్యం గురించిన వీడియోలో ఇదంతా ఎందుకు అనేవాళ్లకి యోసేపును చూపిస్తాను. పదిహేడేళ్ల వయసులో అన్నలు 20 తులాల వెండికి అమ్మేశారు. ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడినప్పుడు ముప్పై ఏళ్లు. మధ్యలో పదమూడేళ్లు. ఆ కాలంలో ఏం చేశాడో ఆదికాండము 39వ అధ్యాయంలో శ్రద్ధగా చదవండి. అతన్ని కొనుక్కున్న పోతీఫరు ఇంట్లో సరుకు, పనివాళ్లు, లెక్క అంతా అతని చేతిలో ఉంది. చెరసాలలో ఖైదీల బాధ్యత, అక్కడ జరిగే పనంతా అతని చేతిలోకి వచ్చింది. తర్వాత ఐగుప్తులో పంటలో ఐదో వంతు కూర్చి, పట్టణాల్లో నిల్వ చేసి, కరవులో పంచింది కూడా అదే పని, దేశమంత స్థాయిలో. ఫరో కలల అర్థం దేవుడు ఒక్క పూటలో చెప్పించాడు. ధాన్యం లెక్క మాత్రం పదమూడేళ్లు నేర్పించాడు. ఉద్యోగం పోయిన ఇంట్లో ఖర్చుల షీటు రాయడం, రోజుకు ఇన్ని అప్లికేషన్లని కూర్చుని పంపడం, ఫోన్ చేసిన రిక్రూటర్ పేరూ తేదీ నమోదు చేయడం, ఇవి విశ్వాసానికి బయటి పనులు అనుకోకండి. సిద్ధపాటు జరిగేది వీటిలోనే.

ఇంకో సంగతి. పోతీఫరు భార్య దగ్గర నిజాయితీగా నిలబడినందుకు యోసేపుకు దొరికింది ప్రమోషన్ కాదు, చెర. చెరలో తన కలకి అర్థం చెప్పించుకుని బయటపడ్డ రాజు పానదాయకుడు అతన్ని మరచిపోయాక ఇంకో రెండేళ్లు అందులోనే ఉన్నాడు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, 45వ రోజు దాటాక కొన్ని ఫోన్లు వస్తాయి. "మీకు ఎనిమిదేళ్ల అనుభవం ఉన్నట్టు రెజ్యూమె మేమే తయారు చేస్తాం, ఇంటర్వ్యూ వేరేవాళ్లు ఇస్తారు, పిటిషన్ ఖర్చు మీరే కట్టండి, ప్రాజెక్టు వచ్చేదాకా జీతం ఉండదు." హెచ్-1బి పిటిషన్ ఫీజు, లాయరు ఖర్చు కంపెనీయే భరించాలి. ప్రాజెక్టు లేదని బెంచ్ మీద కూర్చోబెట్టినా జీతం ఇవ్వాలి. వీటిని దాటి కుదుర్చుకున్న ఉద్యోగం రేపు గ్రీన్ కార్డు దగ్గరో, వీసా స్టాంపింగ్ దగ్గరో బయటపడుతుంది. దేవుడు తెరిచిన తలుపు అబద్ధపు రెజ్యూమెతో తెరుచుకోదు. ఈ మాట గట్టిగానే అంటున్నాను.

ఉద్యోగం కంటే వీసా భయం ఎక్కువ ఉన్నవాళ్లు అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం చదవండి. అకుల, ప్రిస్కిల్ల. అకుల పుట్టింది పొంతులో, అంటే నల్ల సముద్రం తీరాన. కాపురం రోమాలో. యూదులందరూ రోమా విడిచి వెళ్లాలని క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞ ఇచ్చాడు, సుమారు క్రీ.శ. 49లో. ప్రభుత్వ ఆజ్ఞతో సామాను సర్దుకుని కొరింథుకు వచ్చారు. అక్కడ డేరాలు కుట్టే తమ వృత్తే మొదలుపెట్టారు. అదే వృత్తి చేసే పౌలు వాళ్ల ఇంట్లో దిగాడు, ఆ ఊళ్లో ఏడాదిన్నర ఉన్నాడు. తర్వాత అతనితో ఎఫెసుకు వెళ్లారు. అక్కడ అపొల్లో అనే గొప్ప వాక్చాతుర్యం గల బోధకుడికి తెలియని సంగతి ఉంటే, సభలో లేచి తప్పు పట్టలేదు. చేర్చుకుని మార్గాన్ని ఇంకా పూర్తిగా వివరించారు. ఎఫెసులో సంఘం వాళ్ల ఇంట్లో కూడుకునేది. మళ్లీ రోమాకు తిరిగి వెళ్లాక అక్కడా వాళ్ల ఇంట్లోనే. రోమా వదలమన్న ఆజ్ఞ రాకపోతే కొరింథులో ఆ ఇల్లు ఉండేది కాదు.

ఇక్కడ మన సంఘాల్లో ఒక ఆలోచన మారాలి. దేవుని పిలుపు అంటే మైకు పట్టుకోవడం, ఉద్యోగం మానేసి పూర్తికాల పరిచర్యకు రావడం అనుకుంటాం. ఆ దంపతుల పనిముట్టు సూది, వాళ్ల పరిచర్య ఇల్లు. అకుల ప్రసంగం ఒక్కటి కూడా లేఖనంలో లేదు.

మన తెలుగు నేల మీదే ఇంకో ఉదాహరణ ఉంది. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీగా ఉన్న జాన్ క్లౌ మిషనరీ కాకముందు అమెరికాలో భూమి సర్వే పని నేర్చుకున్నాడు. బైబిలు బోధకుడికి సర్వే ఎందుకు? 1876-78లో ఘోరమైన కరవు వచ్చింది. ప్రభుత్వం కరవు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే, కొంత భాగం కాంట్రాక్టు ఆయనే తీసుకుని వేలమందికి కూలి పని కల్పించాడు. పాత చదువు అక్కడ పనికొచ్చింది. ఆయన చేసిన మరో పని నాకు ఇంకా విలువైనదిగా అనిపిస్తుంది. కూలి కోసమో గింజల కోసమో వచ్చామన్న మాట రాకూడదని కరవు పనులు జరుగుతున్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఒంగోలు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి, పిల్లలకు ఈ చరిత్ర చెప్పండి.

ఇప్పుడు సంఘం ఏం చేయాలి. మొదటి వారం వివరణలు వద్దు. కష్టాల్లో పడ్డ యోబును చూడ్డానికి వచ్చిన స్నేహితులు ముగ్గురూ ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాట మాట్లాడకుండా నేల మీద కూర్చున్నారు. అంతవరకు వాళ్లు మంచి స్నేహితులు. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే చెడిపోయింది. "ఏదైనా పాపం ఉందేమో చూసుకోండి" అన్న మాట ఎవరి నోటా రాకూడదు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి వీడు పాపం చేశాడా, వీడి కన్నవాళ్లా అని శిష్యులు అడిగితే ప్రభువు రెండూ కాదన్నాడు. "మాకు కూడా పోయింది, రెండు వారాల్లో ఇంకా పెద్ద ప్యాకేజీ వచ్చింది" అనే సాక్ష్యం కూడా ఆ వారం దాచుకోండి.

భోజనం తీసుకెళ్లండి. అన్నం వాళ్లే వండుకుంటారు, పప్పు, ఒక కూర, ఒక రోటి పచ్చడి నలుగురికి రెండు పూటలకు సరిపడా చాలు. తిరిగి ఇవ్వక్కర్లేని డబ్బాల్లో పెట్టండి, లేకపోతే మీ స్టీలు గిన్నె కడిగి తెచ్చివ్వడం వాళ్లకు ఇంకో పని. గుమ్మం దగ్గర ఇచ్చి, రమ్మంటేనే లోపలికి వెళ్లండి. రోజు విడిచి రోజు ఒక ఇల్లు చొప్పున వంతులు వేసుకుంటే ఫ్రిజ్ నిండిపోయి పారేసే పరిస్థితి రాదు. ఒక్కరు మాత్రమే ఫోన్ చేసి సంగతులు కనుక్కోవాలి, పదిమంది చేస్తే అదే కథ పదిసార్లు చెప్పాలి. వాట్సాప్ గ్రూపులో పేరు, కంపెనీ పెట్టే ముందు అనుమతి అడగండి. ఇండియాలో అమ్మానాన్నలకి ఇంకా చెప్పి ఉండకపోవచ్చు.

ఉపవాస ప్రార్థన పెట్టుకుంటే షుగరు మందులు, ఇన్సులిన్ వాడేవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా భోజనం మానవద్దు. ఒక పూట టీవీ, ఫోన్ పక్కన పెట్టి కూర్చున్నా ప్రార్థనే. దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు కానుక, సంగతి అడుగుతుంటారు. రాబడి లేని నెలలో దశమభాగం లేదు, ఆ విషయంలో ఎవరూ ఒత్తిడి చేయకూడదు. "విత్తనం కానుక పంపండి, ఏడు రోజుల్లో ఆఫర్" అని చెప్పే ఛానళ్లకి ఒక్క డాలరు పంపకండి. ఆ డబ్బు అద్దెకి కావాలి.

శ్రమల బోధను ఎక్కడ వాడకూడదో కూడా తెలియాలి. భర్త కొడుతున్నాడని ఒక సోదరి చెబితే "దేవుడు నిన్ను ఓర్పుకు సిద్ధపరుస్తున్నాడు" అనకండి. సౌలు ఈటె విసిరితే దావీదు తప్పించుకుని పారిపోయాడు, నిలబడి ఓర్చుకోలేదు. ప్రాణాపాయం ఉంటే 911. గృహహింస హాట్‌లైన్ 1-800-799-7233, అనువాదకుణ్ణి అడగవచ్చు. ఉద్యోగం పోయిన మనిషి నిద్ర మానేసి, "నేను లేకపోతే మీకే మంచిది" లాంటి మాటలు మాట్లాడితే ప్రార్థనతోపాటు ఆత్మహత్య ఆలోచనల హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి, ఆ రాత్రి ఒంటరిగా వదలకండి.

ఆఖరిగా ఒక నోటుపుస్తకం. రోజుకు ఐదు లైన్లు: తేదీ, గడువులో ఎన్నో రోజు, ఈరోజు చేసిన పని, చదివిన వాక్యం, ఎవరు సాయం చేశారు. ఏ లాయరు సూటిగా చెప్పాడు, ఏ కాగితం ఆలస్యమైంది, పిల్లలకు ఏమని చెబితే అర్థమైంది, ఇవి కూడా. ఉద్యోగం వచ్చాక ఇవి రెండు వారాల్లో మరచిపోతాం, అందుకే రాయాలి. దేవుడు మన శ్రమల్లో ఆదరించేది, ఎలాంటి శ్రమలో ఉన్నవారినైనా మనం ఆదరించగలిగేలా అని పౌలు కొరింథీయులకు రెండో పత్రిక మొదట్లోనే రాశాడు. కొత్త ఉద్యోగంలో చేరి మొదటి జీతం అందాక మీ కాపరికి ఫోన్ చేసి, ఇప్పుడు లేఆఫ్‌లో ఉన్న ఒక్క కుటుంబాన్ని మాకు అప్పగించండి అని అడగండి. ఒక్కటి చాలు, 60 రోజులూ వాళ్లతో ఉండాలి కదా. భర్తతో భర్త, భార్యతో భార్య మాట్లాడితే మంచిది, ఆడవాళ్ల భయాలు వేరుగా ఉంటాయి. మొదటిసారి వెళ్లినప్పుడు ఆ పుస్తకం, ఖాళీ ఫైలు ఒకటి, కాగితాల జాబితా పట్టుకెళ్లండి. ఆ జాబితా కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాను, తెలుగులోనే ఉంది, ప్రింటు తీసుకోవచ్చు. వందనాలండి.