చేతికి కట్టుకున్న తస్బీ నగనా, జిక్రా?

(మహారాష్ట్రలోని బల్లార్షాలో ఓ చిన్న స్టూడియోలో, ఇక్కడి తెలుగువాళ్ల కోసం పెట్టిన చర్చ. ఉర్దూ బడిలో పనిచేసి రిటైరైన టీచర్, గాజుల దుకాణం నడిపే ఆమె, చంద్రపూర్‌లో డిగ్రీ చదివే అమ్మాయి వచ్చారు.)

యాంకర్: నమస్కారం, సలాం. తస్బీ అంటే జిక్ర్ చేసేటప్పుడు, అదే అల్లాహ్‌ను తలుచుకునేటప్పుడు, లెక్కకు పెట్టుకునే పూసల దండ. ఇదివరకు అది జానమాజు, అంటే నమాజు చాప మీదో, అమ్మీ దిండు కిందో ఉండేది. ఇప్పుడు కాలేజీ పిల్లల చేతికి వాచీ పక్కన కనబడుతోంది. నీ చేతికీ ఉంది కదమ్మా, ఎందుకు వేసుకున్నావో చెప్పు.

విద్యార్థిని: అందంగా ఉందనే కొన్నానక్కా, అబద్ధమెందుకు. నాగపూర్ తాజ్‌బాగ్ దర్గాకి వెళ్లినప్పుడు తీసుకున్నా. కానీ రోజూ ట్రైన్‌లో చంద్రపూర్ పోతాను కదా, కూర్చుంటే వేళ్లు వాటంతటవే పూసల మీదికి పోతాయి, అట్లా సుబ్‌హానల్లా అని జిక్ర్ చదవడం అలవాటైపోయింది. సంచిలో 99 పూసల తస్బీ ఉన్నా నలుగురిలో తీయాలంటే మొహమాటం. చేతికుంటే ఎవరూ చూడరు, నా పని నాది.

యాంకర్: ఆపా, మీ తరంవాళ్లకు ఇది కొంచెం ఇబ్బందిగా ఉంటుందని విన్నాను.

టీచర్: ఇబ్బంది నగతో కాదు బేటీ. మగవాళ్లకు వద్దన్న బంగారం, పట్టు మనకు హలాల్ చేసిన దీన్, మన మతం ఇది, పూసలు కాదంటుందా? అసలు మన ఆడవాళ్లకు ముందు చెప్పింది వేళ్లతో లెక్కపెట్టమని. ప్రవక్త కాలపు ఆవిడ యుసైరా రజియల్లాహు అన్హా చెప్పిన హదీసు, అంటే ప్రవక్త మాట, అబూ దావూద్, తిర్మిజీ అనే రెండు హదీసు గ్రంథాల్లోనూ ఉంది, వేళ్ల కొనలతో లెక్కించండి, రేపు తీర్పు రోజున వాటినే అడుగుతారు, అవే మాట్లాడతాయి అని. (బొటనవేలితో కణుపులు తాకుతూ చూపించారు.) పూసలు తర్వాత వచ్చాయి. వాటిని ఒప్పుకోని ఉలమా, అంటే మతపండితులు ఉన్నారు, మంచిదేనన్నవాళ్లూ ఉన్నారు. 1505లో పోయిన ఈజిప్టు పండితుడు సుయూతీ అయితే పూసలకు మద్దతుగా ఒక రిసాలా, చిన్న పుస్తకమే రాశారు. కాబట్టి వేసుకున్న పిల్లను కసరొద్దు. నాకు నచ్చనిది ఒకటుంది, నజర్, అదే దిష్టి, తగలకుండా కాపాడుతుందని చెప్పి అమ్మడం. ఇది లెక్కకు పెట్టుకున్నది, తాయెత్తు కాదు.

గాజులామె: నేనట్లా అమ్మనాపా! కొనేవాళ్లే అడుగుతారు, దిష్టికి పనికొస్తదా అని. అది వేరే, నల్లపూసలు వేరే అని చెప్తా. మా దగ్గర లచ్చాకు, అదే పెళ్లయినవాళ్లు మెడలో వేసుకునే దండకు, నల్లపూసలు గుచ్చించుకునే ముస్లిం ఆడవాళ్లు మా అత్తగారి కాలం నుంచీ వస్తున్నారు, పూసల సంగతి నాకు కొత్తేం కాదు.

యాంకర్: ఏ రాయి అడుగుతున్నారు ఎక్కువగా?

గాజులామె: అకీక్, ఎర్రటి రాయి. గుజరాత్‌లో ఖంభాత్ ఉంది చూడండి, అకీక్ కోసి పూసలు చేసే పాత ఊరు. ఆ ఎరుపు చాలావరకు పుట్టుకతో రాదు, రాయిని వేడిపెడితే లోపలి ఇనుము వల్ల వస్తది. అది మోసం కాదు, ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ప్లాస్టిక్‌ని అకీక్ అని అమ్మితేనే మోసం. ముట్టుకుంటే రాయి చల్లగా, బరువుగా ఉంటది, ప్లాస్టిక్ తేలిగ్గా ఉంటది. గాజు కూడా చల్లగానే ఉంటది కాబట్టి దాన్ని వేలితో తాకి గుర్తుపట్టడం కష్టం, తెలిసిన దుకాణంలోనే కొనాలి.

టీచర్: వజూ, అంటే నమాజుకు ముందు చేతులూ ముఖం కడుక్కోవడం, దాని సంగతి కూడా చెప్పుకోవాలి. బిగుతుగా ఉంటే కదిలించి కింద తడపాలి, ఉంగరానికి చేసినట్టే. అల్లాహ్ పేరు చెక్కిన బిళ్ల వేలాడుతుంటే బాత్రూముకి పోయేముందు తీసి పెట్టాలి. అందుకే రోజూ వేసుకునేదానికి పేరు లేని సాదా పూసలే మేలంటాను.

విద్యార్థిని: ఆపా, నాదొక టెన్షన్. ఇందులో ఎన్ని ఉన్నాయో మొన్నే లెక్కపెట్టాను, 22. ఇన్నాళ్లు ఒక చుట్టు అయితే 33 అయిందనుకుని చదివాను.

(స్టూడియోలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ పిల్ల ముఖం చూస్తే నిజంగానే బాధపడుతోంది.)

టీచర్: చదివింది ఎక్కడికీ పోదు బేటా. ఆ లెక్క ఎట్లా వచ్చిందో విను. ఫాతిమా రజియల్లాహు అన్హా తిరగలి తిప్పీ తిప్పీ చేతులు పాడై, పనికి ఒక మనిషి కావాలని నాన్నగారు, అంటే మన ప్రవక్త దగ్గరికి పోయారు. ఆయన మనిషిని ఇవ్వలేదు, పడుకునేముందు సుబ్‌హానల్లా 33, అల్‌హందులిల్లా 33, అల్లాహు అక్బర్ 34 చదవమన్నారు, అది పనిమనిషికంటే మేలన్నారు. పనిచేసి కాయలు కాసిన చేతికి దొరికిన లెక్క అది. అందుకే తస్బీ అని పేరు పెట్టి అమ్మేటప్పుడు సంఖ్య సరిగ్గా ఉండాలంటాను.

గాజులామె: తప్పు పూస సైజుది. 8 ఎం.ఎం. పూసలు మణికట్టుకి 22 దాకానే పడతాయి, 33 గుచ్చితే జారి పడిపోతది. 6 ఎం.ఎం. అయితే 33కి దాదాపు 20 సెంటీమీటర్లు, కొంచెం వదులు, సన్న చేతికి 5 ఎం.ఎం. సరిపోతది. నీది విప్పి మళ్లీ గుచ్చాల్సిన పని లేదు బిడ్డా. 11 పూసల తర్వాత ఒక వెండి గుండు, ఇంకో 11 తర్వాత ఇంకొకటి వేస్తా. గుండు నుంచి గుండుకి 11, అట్లా మూడుసార్లు పోతే 33.

విద్యార్థిని: అంటే చుట్టున్నర!

గాజులామె: అంతే. చివర్లో 34వదైన ఆ ఒక్క అల్లాహు అక్బర్ గుండు మీద చదువుకో. ఎలాస్టిక్ కూడా మారుస్తా, చెమటకి ఇది వదులైంది. వేసుకునేటప్పుడు సాగదీయకు, వేళ్ల మీదుగా దొర్లించు.

యాంకర్: ఎంత తీసుకుంటారు?

గాజులామె: గుండ్ల డబ్బులు ఇస్తే చాలు. రేపు కాలేజీ ట్రైన్ దిగాక రమ్మనండి.