ఉప్పు కయ్యల్లో రసాయన శాస్త్రం

శ్రోతలకు నమస్కారం.

ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో విద్యార్థికి ఇసుక, ఉప్పు కలిసిన పొడి ఇచ్చి రెండింటినీ వేరుచేయమంటారు. నీళ్లు పోసి కలిపితే ఉప్పు కరుగుతుంది, ఇసుక కరగదు. వడపోత కాగితం మీద ఇసుక నిలిచిపోతుంది. కిందికి దిగిన నీటిని పింగాణీ గిన్నెలో ఇగిరిస్తే ఉప్పు మిగులుతుంది. మిశ్రమంలో కలిసినంత మాత్రాన పదార్థాలు తమ ధర్మాలను పోగొట్టుకోవు గనుక, వాటి మధ్య ఏ ధర్మంలో తేడా ఉందో పట్టుకోగలిగితే ఆ తేడాయే వేరుచేసే సాధనం అవుతుంది. కర్పూరం కలిసిన ఇసుకను వేడిచేస్తే కర్పూరం ద్రవంగా మారకుండానే ఆవిరై, పైన బోర్లించిన గరాటు చల్లని గోడలకు అంటుకుంటుంది. వేరుశనగ నూనె నీటిలో కలవదు, నీటికన్నా తేలిక. కాబట్టి వేర్పాటు గరాటులో అడుగున చేరిన నీటిని మెల్లగా వదిలేస్తే సరిపోతుంది.

వేరుచేయవలసిన రెండు పదార్థాలూ నీటిలో కరిగినవే అయినప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. దానికి జవాబు చూడాలంటే ఎండాకాలంలో అల్లూరు దగ్గర ఇస్కపల్లి వైపో, ప్రకాశం తీరంలో కనుపర్తి వైపో వెళ్లి ఉప్పు కయ్యల గట్టు మీద నిలబడాలి. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అందులో మనం కూరలో వేసుకునే సోడియం క్లోరైడు సుమారు 27 గ్రాములు మాత్రమే. మిగిలినవి మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు. నీటినంతా ఒక్క కయ్యలోనే పూర్తిగా ఎండనిస్తే ఇవన్నీ కలగలిసిన చేదు ముద్ద మిగులుతుంది. అందుకే నీటిని ఒక కయ్య నుంచి మరొక కయ్యకు మళ్లిస్తూ క్రమంగా చిక్కబరుస్తారు. సముద్రపు నీరు ఇగిరి దాదాపు అయిదో వంతుకు వచ్చేసరికి జిప్సం, అంటే కాల్షియం సల్ఫేటు, అడుగున పేరుకోవడం మొదలవుతుంది. పదో వంతుకు వస్తే గాని ఉప్పు గడ్డకట్టదు. ఉప్పునీటి చిక్కదనాన్ని తేలుడు గొట్టంతో బోమే డిగ్రీలలో కొలుస్తారు. దాదాపు 25 డిగ్రీల దగ్గర ఉప్పు స్ఫటికాలు కట్టడం మొదలవుతుంది; 29, 30 డిగ్రీలు రాకముందే మిగిలిన నీటిని తీసివేయాలి, ఆలస్యమైతే మెగ్నీషియం లవణాలు కూడా ఉప్పుతో చేరతాయి. వానాకాలంలో గల్లుప్పు చెమ్మగిల్లడానికి ముఖ్యమైన కారణం అందులో మిగిలిపోయిన మెగ్నీషియం క్లోరైడు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాఠ్యపుస్తకం అంశిక స్ఫటికీకరణం అనే పనిని ఉప్పు రైతులు గాజు పాత్ర లేకుండా, ఎండనూ గాలినీ నమ్ముకుని, ఎకరాల మేర నడుపుతున్నారు. నా దృష్టిలో ఈ పాఠం చెప్పడానికి అంతకన్నా మంచి ప్రయోగశాల లేదు.

ఉప్పును ఎండబెట్టే తీయాలా, వేడి ద్రావణాన్ని చల్లార్చి తీయకూడదా అని ఎవరైనా అడగవచ్చు. సురేకారమైతే, అంటే పొటాషియం నైట్రేటు అయితే, అలాగే తీస్తారు. వేడినీటిలో అది ఎంతో ఎక్కువగా కరుగుతుంది గనుక చల్లారగానే స్ఫటికాలు రాలిపడతాయి. ఉప్పు సంగతి వేరు. వంద గ్రాముల చన్నీటిలో 36 గ్రాములు కరిగే ఉప్పు, మరిగే నీటిలోనైనా 39 గ్రాములకు మించి కరగదు. ఇంత చిన్న తేడాతో లాభం లేదు కాబట్టి నీటినే పోగొట్టాలి.

ఇదే లెక్క తాగునీటి విషయంలో తిరగబడుతుంది; అక్కడ కరిగినదాన్ని పోగొట్టి నీటిని దక్కించుకోవాలి. కనిగిరి ప్రాంతంలో చాలా బావులను పట్టి పీడిస్తున్న ఫ్లోరైడు కంటికి కనిపించదు, నీటికి రంగు ఇవ్వదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, మోతాదు ఇంకా ఎక్కువైతే ఎముకలు వంగుతాయి. గుడ్డతో ఎన్నిసార్లు వడకట్టినా కరిగిన ఫ్లోరైడు దారాల సందుల్లోంచి నీటితోపాటే దిగిపోతుంది. కాచినందువల్ల సూక్ష్మజీవులు చస్తాయి గాని ఫ్లోరైడు తగ్గదు. నీరు ఆవిరై ఇగిరిన కొద్దీ దాని గాఢత ఇంకా పెరుగుతుంది. ఆవిరిని పట్టి చల్లార్చి స్వేదనజలం చేసుకుంటే ఫ్లోరైడు పోతుంది, కాని ఊరంతటికీ సరిపడా చేయాలంటే ఇంధనం చాలదు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన నల్గొండ పద్ధతిలో నీటిలో తగిన పాళ్లలో సున్నం, పటిక వేసి కలుపుతారు. అల్యూమినియం హైడ్రాక్సైడు మెత్తని తుట్టెలుగా ఏర్పడి ఫ్లోరైడును తనకు అంటించుకుని అడుగుకు దిగుతుంది. కరిగి ఉన్నదాన్ని ఇలా కరగనిదానికి పట్టించిన తరువాతే తేర్చడమూ, వడపోతా పనికివస్తాయి. పాళ్లు నీటిలోని ఫ్లోరైడును, క్షారతను బట్టి మారతాయి గనుక పరీక్ష చేయించకుండా చేతికి వచ్చినంత పటిక వేయడం మంచిది కాదు. అడుగున మిగిలిన మడ్డిలో ఆ ఫ్లోరైడు అంతా అలాగే ఉంటుంది; దాన్ని బావికీ, పశువులు నీళ్లు తాగే చోటుకీ దూరంగా పూడ్చాలి.