సెప్టెంబరులో ఒక గంట
(శ్రీకాకుళంలో డిప్లొమా, ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం ఏర్పాటైన ఒకరోజు కార్యశాలలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, అధ్యాపకులకు, పలాస, ఇచ్ఛాపురం వైపు నుంచి పొద్దున్నే రైలెక్కి ఆమదాలవలసలో దిగి ఇక్కడిదాకా వచ్చిన విద్యార్థులకు నమస్కారం. నా గురించి చెప్పిన మంచి మాటలకు కృతజ్ఞుణ్ణి. మనకున్నది ముప్పావుగంటే కనుక నేరుగా విషయంలోకి వస్తాను.

ఒకే సర్వర్ మీద విడివిడి కంప్యూటర్లలా నడిచే వర్చువల్ మెషీన్లను చూసుకునే లిబ్‌వర్ట్ సర్వీసును ఎలా ఎక్కించాలో, ఎలా నడపాలో చెప్పమని నిర్వాహకులు కోరారు. ఎక్కించడం పది నిమిషాల పని. మీ ల్యాబులో ఎవరైనా చేసి చూపగలరు. నడపడం గురించి చెప్పాలంటే మాత్రం అది ఆగిపోయిన రోజు సంగతి చెప్పకుండా నాకు కుదరదు.

ముందుగా ఎవరి పని ఏదో తెలుసుకుందాం. 2007 ఫిబ్రవరిలో వచ్చిన 2.6.20తో, కేవీఎం లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో భాగమైంది. ప్రాసెసర్‌లో ఉన్న వర్చువలైజేషన్ శక్తిని వాడుకోనిచ్చేది అదే. డిస్కు, నెట్‌వర్క్ కార్డు లాంటి పరికరాలు ఉన్నట్టుగా మెషీన్‌కు చూపించేది క్యూఎము. ఏ మెషీన్‌కు ఎంత మెమొరీ, ఏ డిస్కు, ఏ నెట్‌వర్క్ అన్నది ఎక్స్‌ఎంఎల్ అనే టెక్స్ట్ రూపంలో రాసి ఉంచుకుని, వర్ష్ కమాండు ద్వారా మనం చెప్పినప్పుడు వాటిని లేపేదీ ఆపేదీ లిబ్‌వర్ట్‌డీ అనే సర్వీసు. అది తెర మీద ఎక్కడా కనిపించదు, వెనక ఉండి పని చేస్తుంది.

ఈ సర్వీసును రీస్టార్ట్ చేస్తే మెషీన్లన్నీ పడిపోతాయేమోనన్న భయంతో అప్‌డేట్లు కూడా వేయకుండా ఏళ్లు గడిపినవాళ్లను నేను చూశాను; మొదట్లో నేనూ అలాగే భయపడ్డాను. ప్రతి మెషీనూ తనంతట తాను నడిచే ఒక క్యూఎము ప్రాసెస్. చెరువు తూము ఎత్తినవాడు ఇంటికి వెళ్లి పడుకున్నా కాలువలో నీరు పారుతూనే ఉంటుంది కదా, ఇదీ అంతే. సర్వీసు ఆగినా మెషీన్లు నడుస్తూనే ఉంటాయి, అది తిరిగి లేచాక వాటిని వెతికి పట్టుకుంటుంది. ఈ పనిని వర్ట్‌క్యూఎముడీ, వర్ట్‌నెట్‌వర్క్‌డీ, వర్ట్‌స్టోరేజ్‌డీ అని విడివిడి సర్వీసులుగా పంచిన కొత్త పద్ధతిలో, నడిచే మెషీనూ అడిగేవాళ్లూ లేకపోతే రెండు నిమిషాలకు సర్వీసు తనే ఆగిపోతుంది. స్టేటస్‌లో ‘ఇనాక్టివ్’ అని కనిపిస్తే కంగారు పడకండి.

నీరు పారడం సరే, వరద వచ్చిన రాత్రి ఆ తూము దించేది ఎవరు? నేను చెప్పవలసింది ఇక్కడే ఉంది.

2018 అక్టోబర్ 11న, శరన్నవరాత్రులు మొదలైన మర్నాడు, తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పటికి మీరు బడిపిల్లలు. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడితోటలు పోగొట్టుకున్న ఇళ్ల పిల్లలు ఈ సభలో ఉండే ఉంటారు. ఆ రాత్రి ఎలాంటిదో వారికి నేను చెప్పనక్కరలేదు. నేనప్పుడు టెక్కలి అవతల ఒక విద్యాసంస్థలో కంప్యూటర్ విభాగం చూసేవాణ్ణి. కరెంటు పోయింది, యూపీఎస్ ఇరవై నిమిషాలు మోసి చాలించుకుంది, ఏడు వర్చువల్ మెషీన్లూ ఉన్నవి ఉన్నట్టుగా ఆరిపోయాయి. రోడ్డుకు అడ్డంగా పడిన చెట్లను కోసి దారి చేశాక, ఎనిమిదో రోజున అద్దె జనరేటర్ తెప్పించి సర్వర్‌ను ఆన్ చేశాం.

వర్ష్ లిస్ట్ అని కొట్టాను. నాలుగు మెషీన్లు నడుస్తున్నాయి. పక్కన ‘ఆల్’ చేర్చి మళ్లీ కొట్టాను. మరో రెండు ‘షట్ ఆఫ్’ అని కనిపించాయి. సర్వర్ లేవగానే వాటంతట అవే లేచేలా చేసే ఆటోస్టార్ట్ వాటికి పెట్టలేదు, చేత్తో లేపితే లేచాయి. మొత్తం ఆరు. ఏడోది ఆగిపోయి ఉండటం కాదు, జాబితాలో దాని పేరే లేదు. విద్యార్థుల ఇంటర్నల్ మార్కులు ఉన్నది అందులోనే.

తప్పు నాదే. పద్నాలుగు నెలల కిందట ఒక మధ్యాహ్నం తొందరలో, ఆ మెషీన్‌ను ‘డిఫైన్’ చేసి తర్వాత ‘స్టార్ట్’ చేయవలసింది, ‘క్రియేట్’ అనే ఒక్క కమాండుతో లేపేశాను. డిఫైన్ చేసినదాని వివరం సర్వర్ డిస్కు మీద, ఈటీసీ కింద లిబ్‌వర్ట్ డైరెక్టరీలో నిలిచి ఉంటుంది. క్రియేట్ చేసినదాని వివరం మెషీన్ నడిచినంత కాలమే ఉంటుంది. అలాంటిదానికి ఆటోస్టార్ట్ పెట్టబోయినా లిబ్‌వర్ట్ ఒప్పుకోదు. నేను పెట్టబోయి ఉంటే ఆ రోజే తెలిసేది. మొదట రాసిన ఎక్స్‌ఎంఎల్ ఫైలును తాత్కాలిక ఫైళ్ల డైరెక్టరీలో ఉంచాను, అది ఎప్పుడో శుభ్రమైపోయింది.

మెషీన్‌కు డిస్కుగా పనిచేసే ఫైలు మాత్రం భద్రంగా ఉంది. దానికి కొత్త ఎక్స్‌ఎంఎల్ రాస్తే మెషీన్ లేస్తుంది కానీ, లోపలి నెట్‌వర్క్ అమరిక పాత మ్యాక్ అడ్రసుకు, అంటే నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్యకు, కట్టుబడి ఉంది. మనం ఇవ్వకపోతే లిబ్‌వర్ట్ తనకు తోచిన కొత్త అడ్రసు ఇస్తుంది. ఆ పాత అడ్రసు ఎక్కడ దొరుకుతుంది? మెషీన్‌ను లేపిన ప్రతిసారీ క్యూఎముకు ఇచ్చిన మొత్తం కమాండును లిబ్‌వర్ట్ ఆ మెషీన్ పేరుతో ఉన్న లాగ్ ఫైలులో రాసి పెడుతుంది. ఫైలు తెరిస్తే తెర నిండా ఒకటే పొడుగు వరుస. అందులో మెమొరీ 8192, డిస్కు ఫైలు దారి, ఇంకా ముందుకు వెళ్తే 52:54:00తో మొదలైన మ్యాక్ అడ్రసు. జనరేటర్ ఎప్పుడు ఆగుతుందో తెలియదు కనుక ఒక్కొక్క అంకెనూ నోటుపుస్తకంలో పెన్సిలుతో రాసుకున్నాను. ఈసారి డిఫైన్ చేశాను, స్టార్ట్ చేశాను, ఆటోస్టార్ట్ పెట్టాను. సాయంత్రానికి మార్కులు కనిపించాయి. ఆ నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

పేర్ల గురించి ఒక్క మాట. ‘డిస్ట్రాయ్’ అన్న కమాండు పేరు చూసి పిల్లలు బెదురుతారు. అది డిస్కును చెరపదు, ప్లగ్గు పీకినట్టు మెషీన్‌ను ఆపుతుంది, అంతే. ‘క్రియేట్’ పేరు మాత్రం ఎంతో భరోసాగా వినిపిస్తుంది. నన్ను ముంచింది ఆ భరోసాయే.

అంతకు ముందు మూడేళ్లు వరుసగా నేను యాజమాన్యాన్ని ఒక గంట అడిగాను. సెప్టెంబరులో ఒక ఆదివారం సర్వర్‌ను చేతులారా ఆపి, మళ్లీ లేపి, ఏది లేచిందో ఏది లేవలేదో చూసుకుంటామని అడిగాను. నడుస్తున్నదాన్ని ఎందుకు ఆపడం అన్నారు. ఆ గంట దొరికి ఉంటే, ఏడో మెషీన్ సంగతి కరెంటు, వెలుతురు, ఫోను అన్నీ ఉన్న రోజున బయటపడేది. నా తప్పును నేను ఒప్పుకున్నాను. ఆ గంట ఇవ్వకపోవడాన్ని మాత్రం ఈనాటికీ క్షమించలేకపోతున్నాను.

ఆ గంటలో తేలేది ఇదొక్కటే కాదు. సర్వర్ ఆగేటప్పుడు మెషీన్లను క్రమంగా ఆపడానికి లిబ్‌వర్ట్-గెస్ట్స్ అనే మరో సర్వీసు ఉంది. అందులో ‘సస్పెండ్’ అని పెడితే మెషీన్ల మెమొరీ మొత్తాన్ని డిస్కు మీద రాస్తుంది. 48 జీబీని సెకనుకు 100 ఎంబీ చొప్పున రాస్తే ఎనిమిది నిమిషాలు పడుతుంది. ‘షట్‌డౌన్’ అని పెట్టి, ఒక్కో మెషీన్‌కు 300 సెకన్ల గడువిచ్చి, ఒకదాని తర్వాత ఒకటిగా ఆపితే, మాట వినని మెషీన్లు ఏడు ఉంటే ముప్పై అయిదు నిమిషాలు. మా యూపీఎస్ మోసేది ఇరవై! పైగా కరెంటు పోయిందని సర్వర్‌కు తెలియాలంటే యూపీఎస్ నుంచి యూఎస్‌బీ కేబులు ఉండాలి, దాన్ని వినే ప్రోగ్రాం ఉండాలి. మా కేబులు అట్టపెట్టెలో, కట్టిన రబ్బరుబ్యాండు కూడా విప్పకుండా ఉంది.

మీరు రేపు ఏ ఊళ్లో ఏ ఉద్యోగంలో చేరినా ఈ గంటను అడగండి. ఇవ్వబోమంటే మళ్లీ అడగండి, అడిగినట్టు కాగితం మీద ఉంచండి. మన తీరానికి అక్టోబరు ఎలాంటిదో మీకు తెలుసు.

ఇక్కడి ప్రిన్సిపాల్ గారిని నేను రానుపోను ఖర్చులు అడగలేదు, ఈ గంట అడిగాను. వారు ఇచ్చారు. మధ్యాహ్నం మూడింటికి కింది అంతస్తు ల్యాబులో, రోజూ వాడుకలో ఉన్న సర్వర్ మీదనే, యూపీఎస్‌కు వచ్చే కరెంటును తీసేస్తాం. బ్యాకప్ నిన్న రాత్రే తీయించాను. ఆ సర్వర్‌లో అయిదు మెషీన్లు ఉన్నాయని అంటున్నారు. వాటి పేర్లు ముందే బోర్డు మీద రాసి ఉంచండి, ఇద్దరు గడియారం చూడండి, ఒకరు నోటుపుస్తకం పట్టుకోండి.