ప్రైకెస్టోలెన్ వెళ్తున్నారా? ఆ 604 మీటర్ల లెక్క పక్కన పెట్టండి

[తెర మీద: బల్లపరుపు బండ, దాని అంచు, లోతున నీలంగా ఫ్యోర్డ్]

నార్వే వెళ్తున్నామని చెప్పగానే ఎవరో ఒకరు ఈ ఫోటో పంపిస్తారు. ప్రైకెస్టోలెన్. స్టవాంగెర్ ఊరికి దగ్గర్లో, లీసెఫ్యోర్డ్ నీళ్ల మీద నిట్టనిలువుగా 604 మీటర్ల ఎత్తున నిలబడ్డ బండ. ఫ్యోర్డ్ అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. పైన సుమారు 25 మీటర్ల పొడవు, అంతే వెడల్పు. చర్చిలో పాస్టరు గారు నిలబడి ప్రసంగించే వేదిక ఉంటుంది చూడండి, పేరుకు అర్థం అదే.

ఈ ఫోటో చూసినవాళ్ల దగ్గర రెండు మాటలు వినపడతాయి. "అమ్మో, 604 మీటర్లా! మా వల్ల కాదు" అనేది ఒకటి. "పోనూ రానూ కలిపి 8 కిలోమీటర్లేగా, అలిపిరి ఎక్కినవాళ్లం, ఇదో లెక్కా" అనేది రెండోది. రెండూ తప్పే. నాకు ఒళ్లు మండేది మాత్రం రెండోదానికే, ఎందుకంటే మొదటి మాట అన్నవాళ్లు ఇంట్లో క్షేమంగా ఉంటారు.

ముందు ఆ 604 సంగతి తేల్చేద్దాం. అది నీటి మట్టం నుంచి కొలిచిన ఎత్తు. మీరు నడక మొదలుపెట్టేది నీళ్ల దగ్గర కాదు, కార్ పార్కింగ్ దగ్గర. అదే దాదాపు 270 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే అసలు తేడా 330 మీటర్ల చిల్లర. హమ్మయ్య అనుకోకండి. దారి తిన్నగా పైకి పోదు. ఎక్కుతుంది, దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. ఎక్కుడు ముక్కలన్నీ కలిపితే సుమారు 500 మీటర్లు. పైగా వెళ్లేటప్పుడు హాయిగా దిగిన ముక్కలన్నీ తిరిగి వచ్చేటప్పుడు ఎక్కాలి, అదీ అలిసిపోయిన కాళ్లతో.

ఇప్పుడు అలిపిరి దగ్గరికి వద్దాం. పోలిక పూర్తిగా తప్పని నేను అనను. గాలిగోపురం దాకా ఊపిరాడదు, తర్వాత చాలాసేపు సాపుగా ఉంటుంది, చివర్లో మోకాళ్ల మెట్టు వచ్చి మళ్లీ ఏడిపిస్తుంది. ఇక్కడా కాస్త అంతే. మొదట్లోనే ఒక నిటారు ముక్క, తర్వాత బురద నేల మీద వేసిన చెక్క బాట, మధ్యలో పెద్ద పెద్ద రాళ్లతో అసలైన ఎక్కుడు, ఆ పైన చిన్న చెరువుల పక్కగా నున్నటి బండ మీద నడక, చివర్లో కొండ పక్కను ఒరుసుకుంటూ పోయే దారి. మధ్యలో వచ్చే ఆ రాళ్ల ఎక్కుడే ఇక్కడి మోకాళ్ల మెట్టు. అందులో చాలా రాళ్లను నేపాల్ నుంచి వచ్చిన షెర్పాలు పేర్చారు.

[తెర మీద: ఎడమ పక్క సమానమైన మెట్లు, కుడి పక్క ఎగుడుదిగుడు రాళ్లు]

తేడా ఇదిగో, ఈ రెండు బొమ్మల్లో ఉంది. అలిపిరిలో 3,550 మెట్లు. మెట్టు మెట్టుకూ ఎత్తు ఇంచుమించు ఒకటే కాబట్టి వంద మెట్లు ఎక్కేసరికి కాలు నేర్చేసుకుంటుంది, గోవింద అనుకుంటూ కళ్లు మూసుకుని కూడా ఎక్కేయొచ్చు. ఇక్కడ ఒక రాయి చీలమండ ఎత్తు, దాని పక్కది మోకాలి ఎత్తు, మూడోది పక్కకి వాలి ఉంటుంది. ప్రతి అడుగూ చూసి వెయ్యాలి. అందుకే 4 కిలోమీటర్లకు రెండు గంటలు పట్టేది. దమ్ము లేక కాదు.

అలిపిరిలో నెత్తిన నీడ, దారిపొడవునా నీళ్లు, తినడానికి దుకాణాలు. సంచి కింద ఇచ్చేస్తే టీటీడీ వాళ్లే పైకి చేరుస్తారు. ఇక్కడ పార్కింగ్ దాటాక దుకాణం లేదు, కుళాయి లేదు, టాయిలెట్ కూడా లేదు. బయల్దేరే చోటే పని చూసుకుని ఎక్కండి.

అన్నిటికన్నా పెద్ద తేడాను ఎవరూ లెక్కేసుకోరు. అలిపిరి ఎక్కాక మనం ఎలా దిగుతాం? బస్సులో! అంటే మన మోకాళ్లు ఆ పరీక్షలో సగమే రాశాయి. దిగేటప్పుడు ప్రతి రాయికీ ఒంటి బరువంతా తొడ కండరం మీద, మోకాలి చిప్ప మీద పడుతుంది. చాలామందికి చీలమండ మడత పడేది, కాలు జారేది కూడా దిగేటప్పుడే. ఫోటో వచ్చేసింది, పని అయిపోయిందనుకుంటారు కదా, అప్పుడు. ట్రెక్కింగ్ కర్రలు రెండు తెచ్చుకోండి, ఎక్కడానికి అక్కర్లేకపోయినా దిగడానికి. వేసవిలో పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులుంటే మొహమాటపడకుండా స్టవాంగెర్ నుంచి లీసెఫ్యోర్డ్ పడవ ఎక్కించండి. ఇదే బండను కింద నుంచి చూస్తారు. అయితే ఆ పడవ దిగి పైకి ఎక్కే దారి మాత్రం లేదు, ఆ ఆశ పెట్టుకోకండి.

ఇక టైమ్. పోనూ రానూ 4 నుంచి 5 గంటలు, పైన కూర్చునేది కలుపుకుని. పిల్లలుంటే 6 పెట్టుకోండి. క్రూయిజ్ ఓడలో వచ్చి స్టవాంగెర్‌లో ఒక్క పగలు ఆగేవాళ్లు ఇది బాగా వినండి. నడక 5 గంటలు, ఊరి నుంచి బస్సులో దాదాపు గంట, తిరిగి రావడానికి ఇంకో గంట. అప్పుడే 7 అయింది. బస్సు కోసం నిలబడేది, ఓడలోంచి దిగి ఎక్కేది ఇందులో కలపలేదు. ఓడ సాయంత్రం 4కి కదులుతుందంటే, 9కి దిగినవాళ్లకు ఇది కుదిరే పని కాదు.

దారి గురించి ఒక పాత పీడ ఉంది, అది వదిలించాలి. స్టవాంగెర్ నుంచి అవతలి ఒడ్డునున్న టావ్‌ అనే ఊరికి ఫెర్రీ ఎక్కమని ఇంకా చెప్పేవాళ్లున్నారు. ఆ ఫెర్రీ ఇప్పుడు లేదు. 2019 డిసెంబరు చివర్లో సముద్రం అడుగున రీఫిల్కె సొరంగం తెరిచారు. పొడవు 14 కిలోమీటర్ల పైన, బాగా లోతైన చోట సముద్ర మట్టానికి 292 మీటర్ల కింద. అంటే ఒకే పూటలో మైనస్ 292 నుంచి ప్లస్ 604కి వెళ్తున్నారన్నమాట. నాకు ఈ లెక్క ఆ ఫోటో కంటే ఇష్టం. కొండ ఎక్కడానికి టికెట్ లేదు, పార్కింగ్‌కు డబ్బులు కట్టాలి, సొరంగానికి టోల్ ఉంది.

వాతావరణం. ఫోన్‌లో స్టవాంగెర్ అని కొట్టి చూడకండి. నార్వే వాళ్ల 'ఈర్' యాప్‌లో ప్రైకెస్టోలెన్ అనే వెతకండి. వంద మీటర్లు ఎక్కితే అర డిగ్రీకి పైగా చలి పెరుగుతుంది, కాబట్టి ఊళ్లో 15 ఉంటే పైన 11, 12 ఉండొచ్చు. గాలి కొడితే అదీ అనిపించదు. ఆ యాప్‌లో అందరూ వాన బొమ్మ చూస్తారు, నన్నడిగితే గాలి అంకె చూడాలి. అది సెకనుకు ఇన్ని మీటర్లని ఉంటుంది, 3.6తో గుణిస్తే మన గంటల లెక్క వస్తుంది. 10 అంటే 36 కిలోమీటర్ల వేగం. ఉన్నట్టుండి విసిరికొట్టే ఈదురు గాలి 15 దాటుతుందని చూపిస్తే ఆ రోజు వద్దు. గొడుగు తేవద్దు, ఆ గాలికి అది తిరగబడుతుంది. టోపీ ఉన్న రెయిన్ జాకెట్ కావాలి.

బట్టల్లో పెద్ద పొరపాటు జీన్స్, కాటన్ టీషర్ట్. ఎక్కేటప్పుడు చెమటకు తడుస్తాయి, కాటన్ ఆ తడిని పట్టుకు కూర్చుంటుంది, పైన గాలి తగలగానే ఒళ్లంతా చల్లబడుతుంది. ఒంటికి ఆనుకుని పల్చటి ఉన్ని బనియన్, పైన ఒక స్వెటర్, ఆ పైన జాకెట్. సంచిలో ఒక పొడి టీషర్ట్. పైకి చేరగానే, ఫోటోల కన్నా ముందు, తడిది మార్చుకోండి. బూట్ల అడుగున గట్టి పట్టు ఉండాలి. అరిగిపోయిన జాగింగ్ బూట్లకు తడి బండ సబ్బు రాసినట్టే. నీళ్లు మనిషికి లీటరున్నర, ఎండ ఉంటే రెండు. తిండికి పులిహోర డబ్బాకు మించింది లేదు, చల్లారినా బాగుంటుంది. పెరుగన్నం వద్దు, సంచిలో ఒలికిందంటే అంతే సంగతులు.

పైన రెయిలింగ్ లేదు. మర్చిపోయి కాదు, కావాలనే పెట్టలేదు. అంచు చూడాలనుకుంటే సంచి భుజం మీంచి తీసి దూరంగా పెట్టండి, వంగినప్పుడు అదే ముందుకు లాగుతుంది. తర్వాత బోర్లా పడుకుని, మెల్లగా పాక్కుంటూ తల ఒక్కటే బయట పెట్టండి. ఫోటో కోసం వెనక్కి అడుగు వెయ్యడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అసలు మంచి ఫోటో బండ మీంచి రాదు. వెనకనున్న గుట్ట ఎక్కి చూస్తే బండ, మనుషులు, ఫ్యోర్డ్ మూడూ ఒకే ఫ్రేమ్‌లో పడతాయి. బండకు అడ్డంగా ఒక పగులు కూడా కనిపిస్తుంది. ఎప్పటికైనా విరగొచ్చు, ఇప్పట్లో కాదని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతున్నారు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. జూన్, జులైలో జనం పదింటి నుంచి మూడింటి దాకా కిటకిట, పొద్దున 7కి ఎక్కండి, లేదా సాయంత్రం 4కి. జూన్‌లో రాత్రి పదిన్నర దాటినా వెలుతురుంటుంది. సెప్టెంబరు చివరికి ఏడున్నర లోపే సూర్యాస్తమయం, తలకు కట్టుకునే లైటు తప్పనిసరి. చలికాలంలో మంచు పేరుకుంటుంది, గైడు, బూట్లకు ముళ్ల పట్టీలు లేకుండా వద్దు. దారికి గుర్తు రాళ్ల మీద ఎర్ర రంగులో వేసిన ఇంగ్లీషు 'టీ' అక్షరం. ఒక గుర్తు దగ్గర నిలబడి తర్వాతి గుర్తు కనపడలేదంటే మబ్బు కమ్మిందని అర్థం. అంబులెన్స్‌కు 113, పోలీసుకు 112. చలికి ఫోన్ ఛార్జ్ తొందరగా దిగిపోతుంది, లోపలి జేబులో పెట్టుకోండి.

ఆఖరుది. నార్వే వాళ్లకు కొండ నియమాలని తొమ్మిది ఉన్నాయి, అందులో ఒకటి: సమయానికి వెనక్కి తిరగండి, అందులో సిగ్గు లేదు. మనకు ఇది ఎక్కదు, సగంలో దిగితే మొక్కు చెల్లలేదన్న భావం. ఇది మొక్కు కాదండీ, ఏ దేవుడూ ఏమీ అనుకోడు. బయల్దేరే ముందే తిరిగే టైమ్ ఫోన్‌లో అలారం పెట్టుకోండి. చివరి బస్సు ఎన్నింటికో చూసి, అందులోంచి మూడు గంటలు తీసెయ్యండి. ఆ అలారం మోగినప్పుడు మీరు ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి.