బిట్ మార్చాక జెడ్ జీరో మళ్లీ పెట్టడం ఎలా?

నమస్కారం. సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ నడిపే, చెక్క కోసే మెషిన్) మీద మొదటి బిట్‌తో పని చక్కగా అయిపోతుంది. రెండో బిట్ బిగించి స్టార్ట్ నొక్కాలంటేనే టెన్షన్. బిట్ గాల్లో తిరుగుతుందా, చెక్కలోకి సర్రున దిగిపోతుందా అని. ఆ టెన్షన్ పోవాలంటే జెడ్ జీరో, అంటే మెషిన్ ఎత్తును సున్నాగా లెక్కించే చోటు, మళ్లీ ఎలా పెట్టాలో ఇవాళ చూద్దాం.

ముందు ఒక్క విషయం. మెషిన్‌కి బిట్ పొడవు తెలియదు. బిట్‌ను తిప్పే మోటారు, అంటే స్పిండిల్, ఎంత ఎత్తులో ఉందన్నదే దానికి లెక్క. కొత్త బిట్ పాతదానికంటే 4 మిల్లీమీటర్లు ఎక్కువ కిందికి వస్తే, ప్రతి కోతా 4 మిల్లీమీటర్లు లోతుగా పడుతుంది. పదును పోయిందని తీసి అదే సైజు బిట్ పెట్టినా, అది బిట్‌ను పట్టి ఉంచే కోలెట్‌లో సరిగ్గా పాత ఎత్తులోనే కూర్చోదు. కాబట్టి బిట్ కదిలిందంటే జెడ్ మళ్లీ పెట్టాల్సిందే.

ఇక్కడ చూడండి. 6 మిల్లీమీటర్ల ఎండ్ మిల్ (చదునైన మొన ఉన్న బిట్)‌తో ఈ పాకెట్, అంటే ఈ గుంట, కోయడం అయిపోయింది. ఇప్పుడు 60 డిగ్రీల వి బిట్‌తో, అంటే వి ఆకారంలో మొన ఉన్న బిట్‌తో, పక్కన అక్షరాలు చెక్కాలి. జెడ్‌ను బాగా పైకి లేపుతున్నాను. స్పిండిల్ ఆపేశాను. స్పిండిల్ బదులు చేతి రౌటర్ బిగించిన మెషిన్ అయితే రౌటర్ ప్లగ్ పీకేయండి. మోటార్లను నడిపే కంట్రోలర్‌ని మాత్రం ఆపకండి. అది ఆగితే మోటార్లు పట్టు వదిలేస్తాయి. స్పానర్ తిప్పేటప్పుడు గాంట్రీ (స్పిండిల్‌ను మోసే అడ్డదూలం) కాస్త జరిగినా ఎక్స్, వై, అంటే బోర్డు మీద అడ్డం, నిలువు స్థానాల లెక్క పోతుంది. కంట్రోలర్‌లో జీఆర్‌బీఎల్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో డాలర్ 1 విలువ 255 ఉందో లేదో చూసుకోండి. 255 ఉంటేనే మెషిన్ ఖాళీగా ఉన్నప్పుడు కూడా మోటార్లు బిగిసి ఉంటాయి.

స్పానర్లు రెండూ ఒకే పిడికిట్లో ఇమిడేలా పట్టుకుని ఇలా దగ్గరికి నొక్కండి. అప్పుడు బలమంతా నట్టు మీదే పడుతుంది, గాంట్రీ మీదికి పోదు. కోలెట్‌లో పొట్టు ఉంటే దులిపేయండి. బిట్‌ను అడుగు తగిలేదాకా దూర్చకుండా కొంచెం కిందికి లాగి బిగించండి.

ఇప్పుడు అసలు విషయం. జెడ్ ఎక్కడ తాకించాలి? మొదటి బిట్‌ను ఏ ఉపరితలం మీద తాకించారో, రెండోదాన్ని కూడా అక్కడే తాకించాలి. బోర్డు పైభాగం జీరో అనుకుని పని మొదలుపెట్టాం. మొదటి బిట్ ఆ పైభాగాన్ని మొత్తం చదును చేసేసిందనుకోండి, మీరు తాకిన చోటు ఇక లేదు. అలాంటి పనులకు నేనైతే బోర్డును పరిచే బెడ్‌నే జీరోగా పెట్టుకుంటాను. బోర్డు ఎంత కోసినా బెడ్ మారదు. అయితే కోత దారిని తయారుచేసే క్యామ్ సాఫ్ట్‌వేర్‌లో కూడా జీరో బెడ్ మీదే ఉండాలి. అక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి పెడితే బోర్డు మందమంత తేడా వచ్చి బిట్ విరగొచ్చు. మన బోర్డులో ఈ మూల ఇంకా కోయలేదు, ఇందాక తాకింది కూడా ఇక్కడే. మళ్లీ ఇక్కడే తాకిస్తాను.

టచ్ ప్లేట్ (బిట్ తాకగానే మెషిన్‌కి తెలియజేసే లోహపు పలక) లేనివాళ్లు కాగితంతో చేయొచ్చు. బిట్ కింద కాగితం పెట్టి, 0.1 మిల్లీమీటరు చొప్పున, చివర్లో 0.01 చొప్పున జెడ్ దించుతూ కాగితాన్ని లాగుతూ ఉండండి. ఒరుసుకుంటూ కదిలితే చాలు, చిరగకూడదు. మామూలు ప్రింటర్ కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు, ఆ విలువనే జెడ్‌కి ఇవ్వండి.

నా దగ్గర టచ్ ప్లేట్ ఉంది. దీని మందం కాలిపర్‌తో కొలిచాను, 15.2 మిల్లీమీటర్లు వచ్చింది. పెట్టె మీద రాసింది నమ్మకండి, మీరే కొలవండి. ప్లేట్‌తో వచ్చే క్లిప్‌ను బిట్‌కి తగిలించి, దించే ముందే ప్లేట్‌ను చేత్తో బిట్‌కి తాకించి చూడండి. స్క్రీన్ మీద ప్రోబ్ (తాకి కొలవడం) గుర్తు వెలగాలి. వెలగలేదంటే వైరు ఎక్కడో తెగింది, లేదా క్లిప్ సరిగా పట్టలేదు. ఈ పరీక్ష వదిలేస్తే బిట్ ఆగకుండా ప్లేట్‌లోకి దిగిపోవచ్చు.

సరే, ప్లేట్ పెట్టాను. ఇప్పుడు మెషిన్‌కి కమాండ్లు ఇస్తున్నాను. ముందు జీ 91 (ఇప్పుడున్న చోటు నుంచి లెక్కించు), తర్వాత జీ 38.2 జెడ్ మైనస్ 15 ఎఫ్ 80 (తాకేదాకా, మహా అయితే 15 మిల్లీమీటర్లు, 80 వేగంతో దిగు). తాకింది. 2 మిల్లీమీటర్లు పైకి లేపి, ఈసారి ఎఫ్ 25తో మళ్లీ. నెమ్మదిగా తాకితే తాకిన తర్వాత ముందుకు జరిగే దూరం తగ్గుతుంది. ఇప్పుడు జీ 10 ఎల్ 20 పీ 1 జెడ్ 15.2, అంటే ఇప్పుడున్న ఎత్తును ప్లేట్ మందమైన 15.2గా లెక్కించు అని. ఈ కమాండ్‌లో ఎక్స్, వై లేవు చూశారా? బటన్ నొక్కేవాళ్లు ‘జీరో ఆల్’ జోలికి వెళ్లకండి, జెడ్ బటన్ ఒక్కటే. అన్నీ జీరో చేస్తే అక్షరాలు పాకెట్ పక్కన కాకుండా, బిట్ ఇప్పుడున్న చోటు నుంచి మొదలవుతాయి.

వి బిట్‌తో ఇంత జాగ్రత్త ఎందుకంటే, 60 డిగ్రీల బిట్ 0.1 ఎక్కువ దిగితే గీత వెడల్పు 0.11కి పైగా పెరుగుతుంది. 90 డిగ్రీల బిట్ అయితే 0.2 పెరుగుతుంది. సన్నటి అక్షరాల్లో అది కంటికి తెలిసిపోతుంది.

జెడ్ పైకి లేపి, ప్లేట్, క్లిప్ తీసేశాను. జీ 90 (జీరో నుంచి లెక్కించు), జీ 21 (మిల్లీమీటర్లలో), తర్వాత జీ 1 జెడ్ 10 ఎఫ్ 300 (10 మిల్లీమీటర్ల ఎత్తుకు దిగు). ఈ 10 మిల్లీమీటర్ల ముక్కను మొన కింద జరుపుతున్నాను, ఒరుసుకుంటూ దూరింది. అంటే లెక్క సరిపోయింది. దూరకపోయినా, పైన సందు కనిపించినా ప్రోబ్ మళ్లీ చేయండి, ఫైల్ నడపొద్దు.

ఇప్పుడు స్పిండిల్ ఆన్ చేసి (చేతి రౌటర్ అయితే ప్లగ్ పెట్టి), ఫీడ్, అంటే బిట్ కదిలే వేగం, 50 శాతానికి తగ్గించి, స్టాప్ బటన్ మీద చెయ్యి పెట్టుకుని ఫైల్ నడుపుతున్నాను. మొదటి అక్షరం పడింది. గీత వెడల్పు డిజైన్‌లో ఉన్నంతే వచ్చింది, ఫీడ్ మళ్లీ 100కి పెంచుతున్నాను.