తని మొదలవగానే లేవకండి

(విజయవాడలో ఈ ఏటి కచేరీల పత్రిక ఆవిష్కరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకి, సభ కార్యదర్శిగారికి, ముప్పై ఏళ్లుగా ఇవే కుర్చీల్లో నా పక్కన కూర్చుని తాళం వేస్తున్న స్నేహితులకి, వెనక వరుసల్లో ఉన్న సంగీతం పిల్లలకి, వాళ్లని తీసుకొచ్చిన అమ్మలకి నమస్కారం. పేరుపేరునా చెప్పాలని ఉంది కానీ నాకిచ్చింది పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ ఒక్క విషయానికే కావాలి. అందుకని మర్యాదలు ఇక్కడితో ఆపుతున్నాను, మన్నించండి.

ముందు పత్రిక సంగతి. ఈ ఏడాది మన సభ పన్నెండు కచేరీలు పెడుతోంది. ధనుర్మాసంలో రెండు. పుష్య బహుళ పంచమి త్యాగరాజస్వామి ఆరాధనకి మూడు సాయంత్రాలు. ఫాల్గుణ బహుళ ద్వాదశి నాడు, అన్నమయ్య వర్ధంతికి ఒకటి. శ్రీరామనవమికి రెండు. జూలై 6, మన బాలమురళిగారి పుట్టినరోజు, ఆ రోజు ఒకటి. దసరాల్లో మూడు. ఒక ఊళ్లో ఏడాది పొడుగునా ఇన్ని కచేరీలు, అదీ టికెట్ లేకుండా జరగడం చిన్న విషయం కాదు. దీనివెనక ఎంత తిరుగుడు ఉంటుందో, ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగాలో నాకు తెలుసు. కార్యదర్శిగారికి మనస్ఫూర్తిగా చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను.

ఎవరెవరు పాడుతున్నారో, ఏ రోజు ఎవరిదో ఒక్కొక్కటే చదివి వినిపిద్దామనుకుని వచ్చాను. కానీ ఇందాక రిబ్బను విప్పి పేజీలు తిప్పుతుంటే నాలుగో పేజీ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. గాత్రం అని విద్వాంసుల పేరు, ఫోటో ఉన్నాయి. వయొలిన్ అని పేరు ఉంది. మృదంగం అని రాసి, రెండు చుక్కలు పెట్టి, పక్కన ఖాళీ. పేజీ తిప్పాను, మళ్లీ ఖాళీ. ఇంకో చోట "మృదంగ సహకారం" అని మాత్రం ఉంది, ఎవరిదో లేదు. మొత్తం లెక్కపెట్టాను. పన్నెండు కచేరీల్లో మృదంగం వాయించేవాళ్ల పేరున్నవి ఐదే.

అందుకే అనుకున్న ప్రసంగం పక్కన పెట్టేశాను. మీకు మా గురువుగారి సంగతి చెప్పాలి.

మా గురువుగారు మృదంగం వాయించేవారు. నేను ఆయన దగ్గర పదకొండో ఏట చేరాను. చేతకాక మృదంగం వదిలేసి బ్యాంకు ఉద్యోగంలో పడ్డాను కానీ, ఆ ఏడెనిమిదేళ్లూ ఆయన వెనక మృదంగం మోసుకుంటూ తిరిగాను. పనస కర్రతో చేసిన వాద్యం, బరువు మామూలుగా ఉండదు. బస్సు దిగి హాలు దాకా నడిచేసరికి భుజం మీద గుడ్డసంచి పట్టీ అచ్చు పడేది. నా రెండో పని రవ్వ. మృదంగానికి ఎడమ మూత ఉంది చూశారా, దానికి గుమ్మని అడుగు నాదం రావాలంటే బొంబాయి రవ్వ నీళ్లతో తడిపి ముద్ద చేసి మధ్యలో అంటించాలి. కుడి మూత మీద కనిపించే నల్లటి మచ్చ ఎప్పుడూ ఉండేదే. ఎడమవైపు రవ్వ మాత్రం ప్రతి కచేరీకీ కొత్తగా పెట్టాలి, అయ్యాక గీకి తీసేయాలి. కచేరీ మూడు గంటలు నడిస్తే ఆ ముద్ద ఎండి, పెచ్చులు కట్టి, మధ్యలో ఒకసారి తడి చేయాల్సొచ్చేది. నేను ఒక చిన్న డబ్బాలో రవ్వ, ఒక సీసాలో నీళ్లు పట్టుకుని వేదిక పక్కన కూర్చునేవాణ్ని.

1983లో, గోదావరి జిల్లాల్లో ఒక ఊరు. ఊరి పేరు వద్దు, పాడినాయన పేరూ వద్దు. నాకు పదహారేళ్లు. ఆ రోజు శంకరాభరణం ప్రధాన రాగం, ఆది తాళంలో త్యాగరాజ కీర్తన. రాగం ఎంత బాగా పాడారంటే, ఆ ఆలాపన ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అన్యాయంగా మాట్లాడను, ఆయన మహాగాయకుడు. ఒక పాదాన్ని తిప్పితిప్పి పాడే నిరవల్ అయింది, అప్పటికప్పుడు స్వరాలు అల్లే స్వరకల్పన అయింది, వయొలిన్ ఆయనకి చప్పట్లు పడ్డాయి. ఇక తని ఆవర్తనం, అంటే పాట ఆగి మృదంగం ఒక్కటే వాయించే వంతు. మా గురువుగారు ఆ తని కోసం నాలుగు రోజులుగా ఇంట్లో కూర్చుని లెక్కలు కట్టారు. తెల్లవారుజామున అరుగు మీద తొడ మీద దరువు వేసుకుంటూ కనిపించేవారు. ఖండ నడలో, అంటే ఐదేసి మాత్రల నడకలో, ముక్తాయింపు అనే ముగింపు వరస ఒకటి కుదిరిందని నన్ను పిలిచి రెండుసార్లు వాయించి చూపించారు. అంత సంతోషంగా ఆయన్ని నేను అంతకుముందు చూడలేదు.

తని మొదలైంది. మొదటి ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, పూర్తి కాకుండానే కుర్చీల చప్పుడు వినిపించింది. ఇనుప కుర్చీలు, మడత పెట్టేవి. ఒకటి, రెండు, పది. నాలుగో నిమిషానికి సగం హాలు లేచింది. కొందరు కాఫీకి, కొందరు బీడీకి, ఇంకొందరు ఊరికే అలా గాలికి. గుమ్మం దగ్గర కబుర్లు మొదలయ్యాయి. పాడినాయన పక్కనున్న శిష్యుడితో తర్వాత పాడబోయే తుక్కడా అనే చిన్న పాట గురించి మాట్లాడుకుంటున్నారు. తాళం వేస్తున్న చెయ్యి కూడా ఆగింది. అప్పుడు నిర్వాహకుల్లో ఒకాయన వేదిక ముందుకి వచ్చి, మా గురువుగారికి కనిపించేలా, గడియారం మీద వేలు పెట్టి చూపించాడు.

మా గురువుగారు తలెత్తి ఒకసారి హాలు చూశారు. అంతే. ఎక్కడున్నారో అక్కడి నుంచే తని చివర్న వాయించే మోహరా పట్టి, కోర్వ అనే చిన్న ముగింపు వరస ఒకటి మూడుసార్లు వేసి ముగించేశారు. ఖండ నడ దాకా రానేలేదు. కచేరీ అయ్యాక నేను రవ్వ గీకడానికి కూర్చున్నాను. ముద్ద ఇంకా తడిగానే ఉంది. వేలికి మెత్తగా అంటుకుంది. అది చూసి ఆయన "జాగ్రత్తగా తియ్యరా, మూత పాడవుతుంది" అన్నారు, ఇంకేమీ అనలేదు.

రాత్రి బస్సు ఎక్కాం. కండక్టరు మృదంగం పైన కట్టమన్నాడు, ఆయన ఒప్పుకోలేదు, ఒళ్లో పెట్టుకున్నారు. బస్సులో అందరూ నిద్రపోయారు. ఏలూరు దాటాక నాకు మెలకువ వచ్చింది. చూస్తే ఆయన ఆ గుడ్డసంచి మీద వేళ్లతో వాయిస్తున్నారు. చప్పుడు లేదు. వేళ్ల కదలిక మాత్రమే. కాసేపు చూసి నేను తాళం వేయడం మొదలుపెట్టాను. ఆయన నావైపు చూడలేదు కానీ, వేగం కొంచెం తగ్గించారు, నాకు అందేలా. ఖండ నడ వచ్చింది. ఆ ముక్తాయింపు వచ్చింది. మూడుసార్లు. సరిగ్గా సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి, దిగింది. విజయవాడ వచ్చేసరికి తెల్లారింది. ఆ తని విన్నవాణ్ని నేనొక్కణ్నే. నిజానికి విన్నానని కూడా చెప్పలేను, చూశాను.

క్షమించండి, గొంతు పట్టుకుంది. ఒక్క నిమిషం.

తని ఆవర్తనం అనే మాటలో 'తని' అంటే అరవంలో ఒంటరి అని. రెండు గంటలు, రెండున్నర గంటలు పాటకి కింద దుప్పటిలా పరుచుకుని ఉన్నవాడికి, ఒక్కడుగా మాట్లాడమని ఇచ్చే పదిహేను నిమిషాలు అవి. కచేరీ మొత్తం మీద ఆయన సొంతవి అవే. ఆ పదిహేను నిమిషాలే మనం కాఫీకి వెళ్లే టైమ్ చేసుకున్నాం.

"లెక్కలు మాకు అర్థం కావండీ" అంటారు. చాలామంది నాతో ఇదే అన్నారు. అర్థం కాదు అనేది నిజం కాదు, ఎవరూ చెప్పలేదు అనేది నిజం. ఇప్పుడు చెప్తాను, చూడండి. ఆది తాళం. ఒక దెబ్బ, మూడు వేళ్లు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఎనిమిది. ఒక్కో లెక్కకి నాలుగు మాత్రలు, మొత్తం ముప్పై రెండు. ఇప్పుడు "త ది గి ణ తొం" అనండి. ఐదు. దాన్ని మూడుసార్లు అనాలి, మధ్యలో ఒక్కో మాత్ర ఊపిరి వదలాలి. ఐదు, ఒకటి, ఐదు, ఒకటి, ఐదు. పదిహేడు. ముప్పై రెండులో పదిహేడు పోతే పదిహేను. అంటే పదిహేను మాత్రలు వదిలి పదహారో దాని మీద ఎత్తుకుంటే, మూడో "తొం" అయిన వెంటనే మళ్లీ మొదటి దెబ్బ వచ్చి చేతిలో పడుతుంది. అలా పడినప్పుడు ఒంట్లో ఏదో జరుగుతుంది, నేను మాటల్లో చెప్పలేను. కూడికలు, తీసివేతలు వచ్చిన ప్రతివాడికీ ఇది అందుతుంది. విద్వాంసులు వేసేవి దీనికంటే వందరెట్లు పెద్దవి, నిజమే. కానీ తలుపు ఇదే. చేతిలో తాళం ఉంటే చాలు, ఆయన ఎక్కడికి వెళ్లినా మీరూ వెంట వెళ్లొచ్చు. తాళం లేకపోతే అది చప్పుడు. తాళం ఉంటే అది కథ.

పిల్లలూ, మీకు ఇంకో మాట. ఆరాధన రోజు పొద్దున్నే పంచరత్నాలు పాడతాం కదా. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. రాగాలు ఐదు, తాళం మాత్రం ఐదింటికీ ఒకటే, ఆది తాళం. పాడటం రాకపోయినా వచ్చి కూర్చోండి, గంట సేపు చేత్తో తాళం వేయండి. ఆ సాయంత్రం తనికి మీ చెయ్యి దానంతటదే నడుస్తుంది.

ఈ ఊళ్లో ఈ మాట చెప్పాల్సి రావడం నాకు మరీ బాధగా ఉంది. ఏ ఊరండీ ఇది? పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు శిష్యుల్ని తయారుచేసిన ఊరు. బాలమురళిగారు సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఊరు. ఆ బాలమురళిగారు పాడటమే కాదు, వయోలా వాయించారు, మృదంగం వాయించారు, కంజీర వాయించారు. పక్కన కూర్చోవడం అంటే ఏమిటో తెలిసిన గాయకుడు. 1948 డిసెంబరులో ఇక్కడ రేడియో కేంద్రం మొదలయ్యాక ఎందరు పక్కవాద్య విద్వాంసులు దాని నీడలో బతికారో, ఎంత విద్య నిలబడిందో పెద్దవాళ్లకి తెలుసు. రేడియోలో ఒక మంచి అలవాటు ఉండేది. కచేరీ అయ్యాక పక్కవాద్యాల పేర్లు తప్పకుండా చదివేవారు. మా గురువుగారి పేరు పదిమంది విన్నారంటే అది రేడియో పుణ్యమే.

2021లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. మన వైపు నుంచి ఇద్దరు సంగీత విద్వాంసులకి పద్మశ్రీ వచ్చింది. ఒకరు అన్నవరపు రామస్వామిగారు, వయొలిన్. ఇంకొకరు నిడుమోలు సుమతిగారు, మృదంగం. గాయకులు కాదు, ఇద్దరూ జీవితమంతా పక్కవాద్యం వాయించినవాళ్లే. దేశం గుర్తించింది. మనం కరపత్రంలో చుక్కలు పెట్టి వదిలేస్తున్నాం. ఇది మన ఒక్కరి తప్పే అనను. మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు మృదంగానికి రావడానికి 1966 దాకా, పాల్ఘాట్ మణి అయ్యర్ దాకా ఆగాల్సి వచ్చింది. వాద్యం వెనక ఉన్న మనిషిని చూడటం మనందరికీ ఆలస్యమే అయింది.

కార్యదర్శిగారు నావైపు చూస్తున్నారు, టైమ్ అయింది. ఆయన ఏమంటారో నాకు తెలుసు. "గాయకులు ముందు ఖాయమవుతారండీ, మృదంగం చివర్న కుదురుతుంది, అప్పటికి పత్రిక అచ్చుకి వెళ్లిపోతుంది" అంటారు. అదే కదా నేను అడిగేది. ఎందుకు చివర్న కుదరాలి? గాయకుడితో మాట్లాడిన రోజే మృదంగం ఆయనతో కూడా మాట్లాడండి. ఏ కీర్తన, ఏ తాళం, తనికి ఎంత టైమ్, ముందే తెలిస్తే ఆయన కూడా ఇంట్లో అరుగు మీద కూర్చుని తయారవుతాడు. హాలు తలుపులు తని టైమ్‌లో మూసి ఉంచండి. బయట కాఫీ బల్ల తని అయ్యాకే తెరవమనండి, ఇది చాలా చిన్న పని. పాడే విద్వాంసులకి కూడా నా మనవి, మీరు తాళం ఆపకండి. మీ చెయ్యి ఆగితే హాలు లేస్తుంది.

ఆ ఏడు ఖాళీల్లో పేర్లు పడాలి. పత్రిక మళ్లీ అచ్చు వేయించడానికి ఎంతయినా అది నేను ఇచ్చుకుంటాను. మా గురువుగారికి నేను గురుదక్షిణ ఇవ్వలేదు, ఆయన తీసుకోలేదు. దాని కింద జమ వేసుకుంటాను. కాదనకండి కార్యదర్శిగారూ, అందరి ముందూ అడుగుతున్నాను.

ధనుర్మాసంలో మొదటి కచేరీ సాయంత్రం ఆరు గంటలకి. నేను ఐదున్నరకే వస్తాను. మూడో వరుస, ఎడమ వైపు, మృదంగం కుడి మూత మనకి ఎదురుగా కనిపించే చోట కూర్చుంటాను. నా పక్కన నాలుగైదు కుర్చీలు ఖాళీగా ఉంచుతాను. తాళం రానివాళ్లు అక్కడికి రండి. పాట మొదలయ్యేలోపు అరగంట ఉంటుంది, చెయ్యి పట్టుకుని చూపిస్తాను.